చాపలు

మార్చి నెల, స్టాకు లెక్కల నెల.
రిజిస్టరు చంకన పెట్టుకుని
జూడో హాలుకి పోయాను.
హాలంటే పాత విత్తనాల గోడౌను.
మూలల్లో ఇప్పటికీ వడ్ల పొట్టు వాసన,
దాని మీద ఇరవై మంది పిల్లల చెమట.

రిజిస్టరులో చాపలు అరవై నాలుగు.
నేల మీద నలభై ఎనిమిది.
గుమాస్తాని గదా, మళ్లీ లెక్కపెట్టాను.
అదే నలభై ఎనిమిది.
"మిగతావి ఏమయినాయి ఖాదర్‌వలీ?"
"అరిగిపోయినాయి సార్.
పడీ పడీ."

నిరుడు వీళ్ల ఫైలు టైపు చేసింది నేనే.
'వ్యాయామ విభాగానికి కొత్త చాపలు' కొట్టబోయి
చేపలు అని కొట్టాను.
పైనించి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది:
ఏ చేపలు? ఎన్ని కిలోలు?
నెల్లూరు కదా, సెక్షనంతా పొట్ట పట్టుకుని నవ్వింది.
మా అమ్మ నోట్లో రెండూ ఒకటే మాట,
పులుసులోదీ చాపే, పడుకునేదీ చాపే.
దిద్ది పంపేలోగా
ఆర్థిక సంవత్సరం ముగిసిపోయింది.
ఆ నవ్వు ఖరీదు పదహారని
ఇవాళ తేలింది.

చిరిగిన చోటల్లా నల్ల షీటు అతికించి ఉంది,
రొయ్యల గుంట అడుగున పరిచేది.
తమ్మినపట్నం పిల్ల కావేరి మోసుకొచ్చిందట,
వాళ్ల నాయన కూలికి పోయే గుంట ఎండగట్టాక.
రేటు నిలబడ్డన్నాళ్లూ
ఆ గుంట ఆసామే వీళ్లకి రైలు టిక్కెట్లు కొనేవాడు.
ఇప్పుడు ఫోను ఎత్తడు.
నేను తప్పు పట్టను.
తెల్లమచ్చ తెగులు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టిన మనిషికి
పతకాలు ఏం కనపడతాయి!

పతకాలంటే గుర్తొచ్చింది.
పోయినేడు దక్షిణ మండలం పోటీల్లో మూడు బంగారువి,
వీసీ గారి గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి.
బీరువా నలభై రెండు వేలు.
ఆ బిల్లూ నా చేతి మీదుగానే పోయింది,
ఒక్క పూటలో.
గెలిచిన పిల్లలు మాత్రం
జనరల్ బోగీలో, బాత్‌రూము తలుపు పక్కన
గోనె పరుచుకుని వచ్చారు.
తూకానికి ముందురోజు అన్నం మానేస్తారట,
కిలో తగ్గడానికి.
మెస్సు బకాయి ఉన్నోళ్లకి
ఆ కష్టం లేదు.

రూలు నాకు కంఠతా వచ్చు.
కొరత విలువ బాధ్యుడి జీతంలో కోయాలి.
బాధ్యుడు ఖాదర్‌వలి, కాంట్రాక్టు కోచ్.
ఐదు నెలలుగా జీతమే పడలేదు.
కోద్దామన్నా
కత్తెరకి గుడ్డ లేదు.

పెన్ను తీసి నిలబడ్డాను.
కావేరి దగ్గరికొచ్చింది.
"ఏమనుకోబాకండి సార్,
రాసేముందు ఒకసారి పడి చూడండి."
యాభై ఆరేళ్ల మనిషిని, చెప్పులు విప్పాను.
గెడ్డం ఎదకి ఆనించమంది,
ఊపిరి వదలమంది,
చెయ్యి నేలకేసి కొట్టమంది.
నా చొక్కా కాలరు పట్టుకుంది,
పెళ్లిలో తలంబ్రాల తట్ట పట్టుకున్నంత మర్యాదగా.
ఆ తర్వాత గోడౌను రేకులు
కిందికొచ్చాయి.

పడ్డాను.
సరిగ్గా నలభై తొమ్మిదో చాప మీద,
అది లేదు.

సిమెంటు.
హాలంతా నిశ్శబ్దం.
ఖాదర్‌వలి పరుగెత్తుకొచ్చి మెడ తడిమి చూసి
"మెడకేం కాలా, చెయ్యే ఆలస్యంగా కొట్టినారు" అన్నాడు.
కావేరి ఏడుపుమొహం పెట్టింది.
నాకే నవ్వొచ్చింది,
భుజం నొప్పికి మధ్యలో ఆగింది.

రిమార్కుల గడిలో 'అరుగుదల' అని రాశాను.
కుడి చెయ్యి లేవక ఎడమ చేత్తో.
అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.
ఆడిటు వాళ్లు అడుగుతారు,
ఈ దస్తూరి ఎవరిదని.