ఆగిన కారణం

పోర్ట్ అగస్టా దాటాక
రోడ్డు ఒక్క మాట మీదే నిలబడుతుంది.
మూడు గంటలుగా అదే మాట.
ఎర్రమట్టి, ఉప్పు పొదలు, చచ్చిన కంగారూ,
మళ్ళీ ఎర్రమట్టి.
పక్క సీట్లో గార్త్ నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
వెనక, దుప్పట్లో చుట్టి,
పై ఊరి ఆస్పత్రి ఎక్స్‌రే మిషనుకు కొత్త గుండెకాయ.

అప్పుడొచ్చింది మొదటి బోర్డు, చేత్తో రాసింది:
పెద్ద బల్లి, నలభై కిలోమీటర్లు.
రెండోది: ఇంకో ఇరవై. ఓపిక పట్టండి.
మూడోది: దాటేశారు. పర్లేదు, వెనక్కి తిప్పండి.

తిప్పాను.

డ్రై మార్తా, జనాభా పదకొండు.
పదకొండు కింద పద్నాలుగు కనిపిస్తోంది,
దాని కింద ఇంకేదో.
మా అమ్మమ్మ పంచాంగంలో బల్లి పాటుకి ఒక పేజీ ఉండేది,
భుజం మీదైతే ఇది, నెత్తి మీదైతే అది.
రెండస్తుల సిమెంటు బల్లి పడితే ఏమిటన్నది
సిద్ధాంతి రాయలేదు.

తోక లేదు దానికి.
"వరదలో పోయింది," అంది నొరీన్ కుర్చీలోంచి లేవకుండా.
"మొలుస్తుందని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాం."

బల్లి వెనక పళ్ళబ్రష్షుల కంచె,
గాలికి ఎవరి పళ్ళో తోముతూ.
వాషింగ్ మెషీన్ డ్రమ్ములు పేర్చి కట్టిన లైట్‌హౌసు.
ఇసుకలో లంగరేసిన స్నానాల తొట్టి,
సముద్రం మనసు మార్చుకుంటే
ఎక్కడానికి, ఇద్దరికి సరిపోతుంది.

కొత్త రోడ్డు నాలుగు కిలోమీటర్లు పక్కకి జరిగి పోయిందట,
పలకరించకుండా పోయే చుట్టంలాగా.
ఏదో ఒకటి చెయ్యాలి కదా అని బల్లిని చేశారట.
"దానికి ముందు పెట్రోలు బంకు మూతపడింది."
"తర్వాత?"
"తర్వాత కూడా మూతే. కానీ ఇప్పుడు బల్లి ఉంది."

గాలి దాని బోలు గొంతులో దూరింది.
కిచ్, కిచ్, కిచ్.
నా వేలు నాకు చెప్పకుండానే బానెట్ మీద తట్టింది:
సత్యం, సత్యం.

రెండు డాలర్లు మైలో డబ్బాలో వెయ్యాలి.
పుస్తకంలో మూడు గళ్ళు నింపాలి:
పేరు. ఊరు. ఆగిన కారణం.

ఇంజన్లోంచి పొగ.
పాపకి వాంతి.
మా ఆయన ఆగనన్నాడు, అందుకే.
టాయిలెట్.
టాయిలెట్.
అమ్మ అస్థికలు తీసుకెళ్తున్నాం, బల్లులంటే హడలిపోయేది,
ఇప్పుడేం చేస్తుందో చూద్దామని.
టాయిలెట్, శుభ్రంగానే ఉంది.

పెన్ను కాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత తెలుగులో రాశాను:
ఊరికే.

నొరీన్ పుస్తకం అటు తిప్పి, ఇటు తిప్పి,
"ఏమిటీ బొమ్మ?"
"కారణం ఏం లేదు అని."
"అంతేనా?"
"విరిచి చదివితే, ఈ ఊరి కోసమే అని."
"రెండూనా?"
"రెండూ."
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
పదకొండు మందికీ వినిపించాలన్నట్టు అంది:
ఊ... రికీ. ఊ... రిక్కే.

డబ్బులివ్వకుండా అని కూడా ఒక అర్థముంది.
అది మాత్రం చెప్పలేదు.
డబ్బాలో ఇంకో రెండు డాలర్లు వేశాను.

బయల్దేరాక గార్త్ లేచి, "ఏమైనా మిస్సయ్యానా?" అన్నాడు.
అద్దంలో బల్లి ఉంది.
చాలాసేపు ఉంది, బొమ్మలు దూరమైతే
చిన్నవవుతాయన్న సంగతి దానికింకా తెలియనట్టు.

ఎదురుగా ఒక లారీ వస్తోంది.
హెడ్‌లైట్లు రెండుసార్లు కొట్టాను.
పోలీసులేమోనని స్లో చేశాడు.

పోలీసులు లేరు.
ముందు బల్లి ఉంది.