ఏడు కిలోలు

ఈ చోటి పేరు సజా.
అరబ్బీలో ఏమర్థమో నాకు తెలీదు.
హిందీ డ్రైవర్లు మాత్రం బోర్డు చూసి నవ్వుతారు,
"ఏం తప్పు చేసి ఇక్కడ పడ్డావన్నా?"
వాళ్ళ మాటలో సజా అంటే శిక్ష.

షార్జా దాటాక, తుక్కు యార్డుల మధ్య
వేబ్రిడ్జి మీద నా కొలువు.
నిండు లారీ ఎక్కుతుంది, అంకె రాస్తాను.
ఇనుము దించి మళ్ళీ ఎక్కుతుంది, అంకె రాస్తాను.
తీసివేత. అంతే నా చదువు.
తూకానికి డ్రైవరు దిగాలి,
మనిషి బరువుకి ఎవరూ డబ్బివ్వరు.

తెల్లారి నాలుగున్నరకి, బాత్రూము వరసకి ముందే
మంచం మీద మోకరిస్తాను.
పై మంచం తలకి తగలకుండా వంగడం
పదకొండేళ్ళలో అలవాటైన వినయం.
ప్రార్థన గడగడా సాగేది.
ఇప్పుడు 'ఋణస్థులు' దగ్గర ఆగిపోతోంది,
బ్రేకు అందని లారీ
ముందుకీ వెనక్కీ ఊగినట్టు.

ఆ మాటలో ఒబేదు ఉన్నాడు.

శుక్రవారం కూటంలో పోగైన కానుకలు
పాలపొడి డబ్బాలో, నా మంచం కింద
రెండువేల నూట నలభై దిర్హాములు.
ఎండదెబ్బకి పోయిన మేస్త్రీ అబ్రహాము పెట్టె
జగిత్యాల చేరాక
వాళ్ళావిడ చేతిలో పెట్టాల్సినవి.
ఒబేదు తీశాడు.
జబ్బు తల్లి కోసం కాదు, అప్పులవాడికి జడిసీ కాదు.
అలా అయినా బాగుండేది,
నా క్షమకి కాలు మోపే మెట్టొకటి దొరికేది.
ఫోనులో క్రికెట్ పందెం. రెండు రాత్రులు. అయిపోయాయి.

నేనే స్టేషనుకి పోయి సంతకం పెట్టాను.
వచ్చి అన్నం తిన్నాను.
పచ్చడి రుచిగానే ఉంది. అదీ చెప్పాలి.

రాత్రి గదిలో పంచాయితీ.
"వదిలేస్తే రేపు ప్రతి డబ్బాకీ కాళ్ళొస్తాయి" వెల్డరు షద్రకు.
జనాన్ని భయపెట్టడానికే అయితే
ఒబేదే ఎందుకు, ఎవణ్ణి కట్టేసినా చాలుగా?
"చేసిందానికి చేసినంత పడాలె" గంగారాం,
కూటానికి రాడు గానీ లెక్క గట్టివాడు.
చేసినంత అంటే ఎంత గంగారాం?
నోట్లని రాత్రుల్లోకి మార్చే
మారకం రేటు ఏ కౌంటర్లో రాసి ఉంది?
వంట ఫిలేమోను ఉల్లిపాయలు తరుగుతూ
"శిక్ష వద్దనను. వాడి కంచం మాత్రం తీసెయ్యకండి" అన్నాడు.
గోడకానించిన ఆ స్టీలు కంచాన్ని
ఎవరూ కదపలేదు.

సిలువ మీది దొంగకి పరదైసు దొరికింది.
మేకులు మాత్రం ఊడలేదు,
సాయంత్రానికి కాళ్ళు విరిచారు.
క్షమ వేరు, శిక్ష వేరు అన్నమాట.
ఈ మాట తలకింద పెట్టుకుని
పన్నెండు రాత్రులు హాయిగా పడుకున్నాను.

పదమూడో రాత్రి లారీలు లేవు.
నేనే ఎక్కాను.
మనిషి సాయంతో అంకె చూస్తే, అరవై.
క్లినిక్కులో అరవై ఏడు.
ఇరవై చొప్పున తప్ప లెక్కపెట్టదు ఈ యంత్రం,
లారీల కోసం చేసింది.
నాలో ఏడు కిలోలు దానికి ఆనలేదు.
ఖాళీ లారీని తేలిక చేసి రాసిన పాత రసీదు,
అందుకు ముట్టిన కవరు,
అన్నీ ఆ ఏడింట్లో సర్దుకుని
ఇన్నేళ్ళూ పెద్దమనిషిగా తిరిగాను.
చట్టం చూడలేదు. చూసినవాడు చెప్పలేదు.

"తనాజుల్?" అడిగాడు కౌంటర్లో పోలీసు.
వదులుకుంటావా అని.
చెయ్యి వణికింది, సంతకం వంకరగా పడింది.
అప్పటికే కంపెనీ వాడి వీసా కొట్టేసింది.

విమానాశ్రయం నుంచి ఒబేదు
గొంతు రికార్డు చేసి పంపాడు, నలభై రెండు సెకన్లు.
తిట్టాడో, ఏడ్చాడో.
ఇంకా వినలేదు.

శుక్రవారం ఫిలేమోను కంచాలతో పాటు
వాడిదీ కడిగి ఆనిస్తాడు.
పాలపొడి డబ్బా ఉన్నచోటే ఉంది.
దానికి ఇప్పుడు తాళం ఉంది.
కొన్నది నేనే.