పీపాల మీద దారి

మ్యాప్‌లో తెల్లటి గీత ఉంది కదా అని
తంపరపేట రేవులోకి బండి దింపాను.
హెడ్‌లైట్ల ముందు నాగావళి.
నీళ్ళ మీద నీలం పీపాలు,
పీపాల మీద వెదురు తడకలు,
తడకల మీద ఒక మేక,
హారన్ కొట్టినా కదలదు.

అది రోడ్డు కాదు.
నూట ఎనిమిది బండికి అసలే కాదు.
అవతలి ఒడ్డు నుంచి ముగ్గురు
నులక మంచం మీద గుంపమ్మను మోసుకొచ్చారు.
అడుగుకొక పీపా మునిగింది, వెనకది లేచింది.
ఏరే చేతులు మార్చుకుంటూ
వాళ్ళను నాకు అందించింది.

ఆ రాత్రి పాలకొండ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని
ఫోన్‌లో ఆ గీతను పట్టుకున్నాను.
ఎవరు గీశారో, ఎక్కడివాళ్ళో.
ఎవరైనా దిద్దొచ్చని రాసుంది.
ఆ ఎవరైనాలో నేనూ ఒకణ్ణే.
చెరిపేద్దామనుకున్నాను, వేలు ఆగింది:
గుంపమ్మ వచ్చింది దాని మీదే.

ఏ రకమో ఎంచుకోమంది.
వంతెనంటే కాళ్ళుండాలి, దీనికి లేవు.
పడవంటే కదలాలి,
ఇది రెండు తాటిమొద్దులకు కట్టేసి ఉంది.
బల్లకట్టంటే మోకు పట్టుకుని లాగేవాడుండాలి,
ఇక్కడ ఎవరి బరువు వాళ్ళే లాక్కుపోతారు.
జాబితా అట్టడుగున
'తేలేది' అన్న మాట దొరికితే
దాన్ని నొక్కి నిద్రపోయాను.

భాద్రపదంలో ఎవరో మార్చేశారు.
ఆకాశం నుంచి తీసిన ఫొటోలో
అది ఒడ్డు పక్కన పొడుగ్గా పడుకుని ఉందట,
కాబట్టి పడవలు కట్టే గట్టు అట.
మర్యాదగానే రాశారు.
మంచు దేశం మనిషేమో, పేరులో అచ్చులు తక్కువ.
ఆ మనిషికెలా తెలుస్తుంది,
వరదొస్తే తవిటయ్య అవతలి ముడి విప్పేస్తాడని,
వంతెన మేత ముగిసిన గేదెలా
ఇవతలి ఒడ్డుకొచ్చి ఆనుకుంటుందని.

మళ్ళీ దిద్దాను.
మళ్ళీ ప్రశ్న వచ్చింది: దీని పేరేమిటి?

తవిటయ్యనే అడిగాను.
మందుల కంపెనీ పాత పీపాలు
ఒక్కోటి రెండొందల యాభైకి కొని
వాసన పోయేదాకా ఇసకతో తోమి కట్టినవాడు.
"పేరేటి బావూ, అదిగో అంటే సాల్దేటి?"
వాళ్ళావిడ అసిరమ్మ దాన్ని ఊగులాట అంటుంది.
బడిపిల్లలకు అది డుబుక్కు.
అవతలి సవర గూడేనికి వేరే మాటుంది,
రెండుసార్లు చెప్పించుకున్నా నా నోటికి రాలేదు,
చెప్పిన ముసలామె నవ్వి ఊరుకుంది.
పంచాయతీ కాగితాల్లో అదసలు లేనేలేదు.

'పేరు లేదు' అన్న గడిలో
టిక్కు పెట్టబుద్ధి కాలేదు.
కింద గమనిక గడి ఖాళీగా ఉంటే రాశాను:
కార్తీకం దాటాక వంతెన.
వానలు ముదిరితే ఒడ్డున పీపాలు.
మనుషులు, మేకలు. సైకిలైతే దిగి నడిపించాలి.
ఎప్పుడు వేస్తారో తారీఖు లేదు,
తవిటయ్య ఒక కాలు పెట్టి చూసి చెబుతాడు.
అంబులెన్సుకు దారి లేదు.

అచ్చులు తక్కువ మనిషి ఈసారి ఏమీ మార్చలేదు.
ఒక్కటే అడిగాడు: ఏ కాలు?
ఎడమ, అని జవాబిచ్చాను.
కుడి మోకాలికి నీరు పట్టింది.

మొన్న పుష్యమాసంలో, అర్ధరాత్రి దాటాక
ఆ గూడెం నుంచే కాల్.
మ్యాప్ నన్ను రేవు వైపు పంపలేదు.
పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు,
కాంక్రీటు వంతెన మీదుగా.
నేను రాసిన మాటే అది,
తిట్టుకుంటూ విన్నాను.

జీడితోటల మలుపు దగ్గర
క్షణంసేపు ఏరు కనిపించింది.
పీపాలు వేసే ఉన్నాయి.
వాటి మీద, సగం దూరంలో,
ఎవరో టార్చి ఊపుతూ నిలబడి ఉన్నారు
పాత దారిన వస్తానని.