మూడో మహిళ

పద్నాలుగేళ్ళ కిందట
టోక్యోలో ఒక ఇరుకు స్టూడియోలో
నేను పలికింది ఐదు మాటలు:
"అయ్యో, తడిసిపోతారు. ఈ గొడుగు తీసుకెళ్ళండి."
నాలుగుసార్లు పలికించారు.
మూడోది బాగుందన్నారు.
కవర్లో పెట్టి ఇచ్చిన డబ్బు
రైలు చార్జీలు పోను
ఒక గిన్నెడు నూడుల్స్‌కి మిగిలింది.

తెర మీద ఆమె ఏడు సెకన్లుంది.
బస్టాపు, వాన, నల్లకోటు,
గొడుగు నీడలో సగం ముఖం.
గీసినవాళ్ళకి తీరిక లేదు కాబోలు
ఎడమచేతికి నాలుగే వేళ్ళు.
చివర్లో పరుగెత్తే పేర్ల వరసలో
ఆమెకు పేరు లేదు, మూడో మహిళ.
పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో
నేను.

ఆ తర్వాత గొంతు అమ్ముకోవడం మానేశాను.
కుషిరోకి తిరిగొచ్చి
ఓడరేవు హోటల్లో దుప్పట్లు ఉతుకుతున్నాను.
మా ఊళ్ళో వానకంటే పొగమంచే ఎక్కువ,
దానికి గొడుగు పనిచెయ్యదు.

ఈ జూలైలో
నాతో పనిచేసే ఇకుయో కొడుకు
ఫోను నా చెవి దగ్గర పెట్టి
"ఇది మీ గొంతేనా?" అన్నాడు.

నూట ఇరవై ఎనిమిది మంది బరిలో ఉన్నారు.
వెండిజుట్టు వాళ్ళు, కళ్ళల్లో నిప్పున్న వాళ్ళు,
మూడుసార్లు చచ్చి నాలుగుసార్లు పుట్టిన వాళ్ళు.
ఇద్దరిద్దరికీ పోటీ,
జనం వేలితో నొక్కి ఓటెయ్యాలి,
ఓడినవాళ్ళు ఇంటికి.
అందరికీ అడుగున, ఆటలో అరటిపండులా
మూడో మహిళ.
ఎవరో వేళాకోళానికి చేర్చారట.

మొదట రెండు కత్తులవాడితో.
తొమ్మిది ఓట్లతో గెలిచింది.
"ఏదో పొరపాటు" అన్నాను దుప్పటి దులుపుతూ.
తర్వాత ఒక రాకుమార్తె.
ఆ తర్వాత మాట్లాడే నక్క.
నక్క మీద నాకే జాలేసింది.
మిగతా ఇద్దరి పేర్లూ నాకు నోరు తిరగలేదు.

సంగతేమిటంటే
ఆ గొడుగు పట్టుకుపోయిన కథానాయకుడు
అరవైరెండు భాగాల్లో ఎక్కడా తిరిగివ్వలేదు.
లోకాన్ని కాపాడాడు,
అన్నను క్షమించాడు,
కొండను నిలువునా చీల్చాడు,
గొడుగు మాత్రం మరిచాడు.
ఎవరో కూర్చుని లెక్కతేల్చారు.
"గొడుగు ఇచ్చెయ్"
అదే నినాదం.

ఒసాకాలో ఒక బస్సు డ్రైవరు,
లిమాలో ఎవరో పళ్ళ డాక్టరు,
పరీక్ష తప్పిన పిల్లలు,
ఎప్పుడో ఎవరికో ఏదో ఇచ్చి
తిరిగి అడగడానికి మొహమాటపడ్డ వాళ్ళంతా
చంద్రుడికో నూలుపోగన్నట్టు
తలా ఒక ఓటు వేసిపోయారు.
నాలుగువేళ్ళ చెయ్యిని
చొక్కాల మీద అచ్చేయించుకున్నారట.

సెమీఫైనల్లో ఎదురుగా ఎవరు?
అతనే.

ఆ రాత్రి డ్రయ్యర్లు తిరుగుతుంటే
ఇకుయో, నేను, కాపలా మురోజుమి గారు
ఒకే ఫోను మీద మూడు తలకాయలు.
పదకొండింటికి ఆమె నలభై ఓట్లు ముందుంది.
మురోజుమి గారు ఒళ్ళో టీ ఒలకబోసుకున్నారు.
ఇకుయో నాకు తెలీకుండా అతనికే వేసింది.
"ఏం చెయ్యను, జుట్టు బాగుంది"
అని తర్వాత ఒప్పుకుంది.
నేను ఎవరికీ వెయ్యలేదు.
నా గొంతుకి నేనే చప్పట్లు కొట్టుకున్నట్టు ఉంటుందని.

పన్నెండింటికి లెక్క ఆగింది.
రెండువందల పదమూడు ఓట్ల తేడా.
అతనే.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది.
నాలుగోసారి పలికినప్పుడు
నేను నటించలేదు.
ఇచ్చిన గొడుగు తిరిగిరాదని
ఇచ్చేటప్పుడే తెలిసిన గొంతది.
అందుకే కాబోలు వద్దన్నారు.
ఆ టేపు ఎక్కడుందో,
ఉందో లేదో.

పొద్దున్నే వాళ్ళమ్మకి డబ్బా తెచ్చాడు కుర్రాడు.
కళ్ళు వాచి ఉన్నాయి, పదిహేనేళ్ళవాడికి.
"కనీసం గొడుగైనా ఇవ్వలేదు" అన్నాడు.
రేవులో ఏదో ఓడ
దారి కనపడక కూత పెడుతోంది.
వాడు సైకిలెక్కాడు.
"అయ్యో, తడిసిపోతావు" అన్నాను,
అలవాటుగా.
"పొగమంచుకి గొడుగేంటి?" అంటూ
తెల్లటి దాన్లోకి తొక్కుకుంటూ పోయాడు.