రంది అక్కర్లేని కూర

వఫ్రా తోటల అవతల ఇసుక మీద
మీటరుకు మీటరు ఇనుప చట్రం పట్టుకునుడు, అంకెలు రాసుడు నా పని.
లోపల ఏం మొలిచిందో చూసుడు డాక్టర్ లుల్వా మేడం పని.

పొద్దుగాల్నుంచి ఎనిమిది చట్రాలు.
నాలుగింట్ల ఉత్త ఇసుక.
రెండింట్ల ఒంటె పెంట.
ఒకదాంట్ల అర్ఫజ్ పొద, సగం మేసి ఇడిసిపెట్టింది.
దాని ముంగట ఆమె మోకాళ్ల మీద కూసున్నది,
జరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు కొమ్మ మీద చెయ్యి పెట్టి.
నేను గొడుగు పట్టిన.

ఎనిమిదోది పంపురూము వెనుక.
ఏసీ పైపు కారి కారి జానెడంత తడి.
ఆ తడిల ఎర్ర కాడలు, బలిసిన ఆకులు, నేలకు అతుక్కొని.
"మేడం, గంగవాయిలి!"
ఊరోడు ఎదురైనట్టే అరిచిన.

"బర్బీరా? అది వద్దు లింబాద్రీ, రాయకు.
అంతటా ఉండేదే. పుస్తకంల దాని పేరు ఎదురుంగ
ఆందోళన అక్కర్లేదని ఉంటది."
గంత మాట ఎవరన్నరని అడిగిన.
లోకమంత లెక్కపెట్టినోళ్లు, అన్నది.

లోకమంత అంటే
మా మల్లాపూర్ పసుపు చేను గూడనా?
రాత్రి ఫోన్‌ల చెల్లె లసుంబాయిని అడిగిన.
"యాడున్నది అన్నా, మూడేండ్లసంది గడ్డిమందు కొడుతున్నం గద.
పసుపు తప్ప పచ్చగ ఏది లేచినా మాడుతది.
మొన్న మెట్‌పల్లి అంగట్ల కట్ట ఇరవై పెట్టి కొన్న,
అవి గూడ వాడిన కాడలే."

నేనేం శుద్ధపూసను గాదు.
శుక్రవారం శుక్రవారం మిష్రిఫ్ విల్లాలల్ల పార్టుటైము:
లాను నడుమ లేచిన గంగవాయిలి పీకుడు, గంటకు దీనారు.
పీకింది సంచిల ఏసుకొని రూముకు తెస్త.
రెండు దినాలు మూలకు పడేసినా
కాడల దాచుకున్న నీళ్లు తాగి పూస్తది, గింజ గడుతది.
చచ్చుడు గూడ పని ముగించుకొని, నిమ్మళంగ.

ఆ పూట వంట నాదే.
శనగపప్పు, నాలుగు పచ్చి మిర్పకాయలు, ఎల్లిపాయ తాలింపు.
నోవాఖాలీ సొలైమాన్ దీన్ని నునే శాక్ అంటడు,
కింది అంతస్తు మిస్రీ వాచ్‌మన్ రిజ్లా అంటడు.
పేరు తేలకముందే గిన్నె అడుగు తేలింది.

మర్నాడు మేడంకు చెప్పిన:
"పొద్దుగాల కోస్తే పులుపు, మాపటికి చప్ప.
పప్పులకైతే మా పెద్దమ్మ చీకటి ఉండంగనే కోసుకొచ్చేది."
ఆమె పెన్ను ఆగింది.
ఎండకు జడిసి పగలంత నోరు మూసుకుంటదట,
రాత్రి గాలి పీల్చి పులుపు చేసి దాచుకుంటదట,
తెల్లారినంక దాన్నే కొంచెం కొంచెం తింటదట.
ఆమె ఏడేండ్లు చదివి తెలుసుకున్నది,
మా పెద్దమ్మ నాలుక మీద ఒక్క ఆకు పెట్టుకొని.
"పేరేంది మీ పెద్దమ్మది?"
ముత్తెవ్వ, అన్న.
రాసుకున్నదో లేదో చూడలే.

తొమ్మిదింటికి పూలు విచ్చినయి, గోరంత పసుపు చుక్కలు.
పదకొండుకు ఎండల పని బందు.
మేం గొడుగు మడిచేసరికి అవీ ముడుచుకుంటున్నయి.

పై వారం మళ్ల అదే పంపురూము.
ఏమనుకున్నదో ఏమో, "సరే, లెక్కపెట్టు" అన్నది.
పదిహేడు.
ఆవాసం అన్న గడి నాకే ఇడిసిపెట్టింది.
తెలుగులనే రాసిన:
ఏసీ పైపు కింద, ఎవడన్న వచ్చి బాగుచేసేదాక.

సెప్టెంబర్ల లీవు.
"ఇన్ని గింజలు పట్టుకరారాదే" అన్నది చెల్లె.
మట్టి, విత్తనాలు తేవద్దని ఏర్‌పోర్టుల బోర్డుంటది,
నాకు సదువొస్తది.
నేనేం తీస్కపోతలేను.
ప్యాంటు మడతలల్ల ఇసుకతోని కలిసి
నల్లగ, ఆవగింజల పావంత, ఏమన్న ఇరుక్కుంటే
అది నాకు తెల్వది.