మూడో పిలుపు

హోసూరు రోడ్డు పక్కన పెద్దాసుపత్రిలో
పదకొండో నంబరు గది బయట
పేర్లు పిలవడం నా ఉద్యోగం.

పొద్దున ఎనిమిదింటికి చీటీల కట్ట చేతికొస్తుంది.
కన్నడం పేర్లు, తమిళం పేర్లు, ఉర్దూ పేర్లు, మా తెలుగు పేర్లు
అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఇరుక్కుని వస్తాయి.
ఒక్కోదాన్నీ మెల్లగా విప్పాలి,
పిండిన చీర దులిపి ఆరేసినట్టు.

మొదట్లో అరిచేదాన్ని.
కదిరి సంతలో టమోటా గంపల మధ్య పెరిగిన గొంతు,
ఈ కొసన అంటే ఆ కొసన తగిలేది.
బెంచీల మీద అందరూ ఉలిక్కిపడేవాళ్ళు,
పిలిచిన మనిషి తప్ప.

పుట్టతాయమ్మ ఇక్కడ ముప్పై ఏళ్ళుగా ఆయా.
ఒక మధ్యాహ్నం చిత్రాన్నం డబ్బా మూత తీస్తూ అంది:
"నువ్వు గోడను పిలుస్తున్నావు హనుమక్కా.
గోడ లేచి రాదు."
అంతే. ఇంకేం చెప్పలేదు.
నిమ్మకాయ ఊరగాయ కొంచెం నా మూతలో వేసింది.

అప్పట్నుంచి నేర్చుకుంటున్నాను.
పేరుకు ముందు ఒక ఊపిరి ఆగాలి,
ఫ్యాను చప్పుడుకూ దగ్గులకూ నడుమ సందు దొరికేదాకా.
చివరి అక్షరం మింగకూడదు.
రామకృష్ణప్పలో ఆ అప్ప దగ్గరే ఆయన తలెత్తుతాడు.
"లోపలికి పోండి" అనేటప్పుడు
'పో' మీద బరువేస్తే గెంటినట్టుంటుంది,
'లోపలికి' మీద వేస్తే తలుపు తీసినట్టుంటుంది.
పరదా వెనక "రవిక వదులు చేసుకోమ్మా" అన్న మాట
మూరెడు దూరం దాటకూడదు.
రిపోర్టు వచ్చిందని చెప్పేటప్పుడు మరీ కష్టం.
జాలి ఏమాత్రం ఒలికినా
కవరు విప్పకముందే నా గొంతులోనే చదివేసుకుంటారు.

మొన్న బుధవారం, నలభై రెండో చీటీ.
సి. ఓబులమ్మ.
ఒకసారి పిలిచాను. రెండోసారి.
మూడో పిలుపుకూ రాకపోతే చీటీ కట్ట అడుక్కి పోవాలి, రూలు.
లోపల డాక్టరమ్మ గంట నొక్కుతోంది.
నా పాత గొంతు కడుపులోంచి లేచి
పళ్ళదాకా వచ్చింది.

ఆపుకున్నాను.
చీటీ తిప్పి చూస్తే ఊరు నల్లచెరువు.
సి అంటే చిన్న అయ్యుండాలి.
మా పక్క ఇంటికొక పెద్ద ఓబులక్క, ఒక చిన్న ఓబులక్క.
బెంచీల మధ్యకు నడిచాను.
కౌంటరు భాష చీటీల కట్టలో దోపేసి
పక్కింట్లో నిప్పు అడగబోయినంత మెల్లగా అన్నాను:
"నల్లచెరువు కాడ్నించి వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?
సిన్నోబులక్కా?"

మూల బెంచీ మీద
ఎవరో మరిచిపోయిన దుప్పటి అనుకున్నది కదిలింది.
"నన్నేనా?" అంది.
"ఇంతసేపూ ఎవురో ఓబులమ్మను పిలుస్తాండారు.
పాపం, ఆయమ్మ యాడికి పోయిందో అనుకుంటాండా."

డెబ్బై ఏళ్ళలో ఆ పేరుతో ఆమెను
రేషన్ కార్డు తప్ప ఎవరూ పిలిచుండరు.

మోచెయ్యి పట్టుకుని నడిపించాను. ఎముకా, గాజులూ.
డాక్టరమ్మ గడియారం చూసింది.
నేనేమీ అనలేదు.

అరగంటకు బయటికొచ్చి
మందుల చీటీ కొంగున ముడేసుకుంటూ అడిగింది,
"నీ పేరేంది పాపా?"
చెప్పాను. నాకే సరిగా వినబడలేదు.
ఇక్కడ నన్ను సిస్టర్ అంటారు, మేడం అంటారు,
ఎక్కువగా ఏయ్ అంటారు.

చెవి నా నోటి దగ్గరికి తెచ్చి
హాలంతా తిరిగి చూసేలా కసిరింది:
"గెట్టిగా సెప్పు!
ఊరందరి పేర్లూ పిలిచేదానివి,
నీ పేరు మింగుతావేందే!"