తపసుమాను కింద

ఐరాల పక్క భారతం మిట్ట మీద
అర్జునుడు ఇంకా మొదటి మెట్టు తాకలా.
నా పాత లాప్‌టాప్ మాత్రం
అప్పుడే సగం మానెక్కినట్టు రొప్పతా ఉండాది.

తెర మూలన ఎర్ర అంకె:
వందకి ముప్పై ఫ్రేములు జారిపోతా ఉండాయి.
చెంగల్రాయుడు చెయ్యెత్తతాడు,
దించినాక కనబడతాడు.
నడిమి కాలం యాడికి పోయిందో!

బరువు దించాల.
బ్రౌజరు మూసినా. పదకొండు కిటికీలు,
ఒకదాంట్లో నిన్నటి టమోటా ధర
ఇంకా మదనపల్లె మార్కెట్లోనే కూర్చోనుంది.
ప్రివ్యూ ఆపినా,
మనిషే ఎదురుగా ఉంటే నాకెందుకు బొమ్మ?
అరవై ఫ్రేములు ముప్పై చేసినా.
ప్రాసెసరు నెత్తిమీది మూట
ఊరికే కూర్చున్న గ్రాఫిక్స్ కార్డు భుజానికి మార్చినా.

ఇంక మిగిలింది కింద పరిగెత్తే బంగారు పట్టీ:
చందాదారుల పేర్లు, అందరికన్నా ముందు గంగులప్పది,
పక్కన గిరగిరా తిరిగే తామరపువ్వు.
తీసేసినా.
రెండు నిమిషాలకే ఫోను.
"నా పేరు యాడికి పోయిందిరా?"
"మానెక్కతా ఉండాదన్నా."

అయినా ఫ్యాను దిగలా.

అప్పుడొచ్చింది చిత్తూరు పెద్దాసుపత్రి నుంచి
దొరసామి మామ గొంతు.
ఇరవైరెండేళ్లు ఈ మానెక్కిన మోకాళ్లు
ఇప్పుడు కట్టుల్లో ఉండాయి.
"అబ్బోడా, మొగం మసకైనా పర్వాలేదు,
పద్యం తెంపొద్దు.
రాగం నడిమిలో తెగితే
ఇక్కడ నాకు కాలు జారతా ఉండాది."

వెయ్యీ ఎనభై నుంచి ఏడొందల ఇరవైకి,
అక్కణ్ణించి నాలుగొందల ఎనభైకి.
కిరీటంలో అద్దాలు పోయినాయి,
మీసం వెంట్రుకలు కలిసి ఒక్క గీతయినాయి.
గొంతు జోలికి పోలా,
ఒక్క అంకె కూడా.

పైన చెంగల్రాయుడు పాడతా, ఎక్కతా,
జోలెలోంచి విభూది, పూలు, నిమ్మకాయలు విసరతా ఉండాడు.
కింద తడిగుడ్డలతో ఆడోళ్లు కొంగులు పట్టినారు.
రెండు కాయలు దారి తప్పి
నా బల్ల మీద పడినాయి.

కళ్లకద్దుకున్నా.
లాప్‌టాప్ వెనకంచు ఎత్తి
చెరో మూలనా ఒకటి పెట్టినా.
రవ్వంత సందు. గాలాడింది.
ఫ్యాను నిమ్మళంగా దిగింది,
ఎర్ర అంకె పచ్చబడింది.

మామ నుంచి మళ్లీ మెసేజి రాలా.
చూస్తా ఉండేవాళ్ల లెక్క
నూటపన్నెండు, తొంభై, నలభై,
తెల్లారగట్ల ఒకటి.
ఆ ఒకటి మాత్రం
అర్జునుడు నేల మీద కాలు పెట్టేదాకా
కదల్లా.